ఆకాశంలో తెల్లటి గుండు.. ఏలియన్స్ కాదు, ఈసీఐఎల్ నుంచే! జోగిపేట పొలాల్లో దిగితే ఏం చేయాలి?

పొద్దున్నే బోరు మోటార్ వేద్దామని పొలం దగ్గరికి వెళ్లారు. తల ఎత్తి చూస్తే ఆకాశంలో తెల్లగా ఏదో మెరుస్తోంది. విమానంలా పోదు, చుక్కలా మిణుకుమనదు, అక్కడే ఉంటుంది. ఫోన్ తీసి జూమ్ చేస్తే గుండ్రంగా, పాలమీగడ రంగులో కనిపిస్తుంది. పది నిమిషాల్లో ఊరి వాట్సాప్ గ్రూప్‌లో వీడియో, ఇంకో పది నిమిషాల్లో 'యూఎఫ్ఓ' అంటూ రీల్. ఆ వెనకే మాలాంటి న్యూస్ పేజీల్లో ఎర్ర బాణం గుర్తుతో థంబ్‌నెయిల్!

జోగిపేట నుంచి పటాన్‌చెరు దాకా ఉన్నవాళ్లకు ఇది ఎప్పుడైనా ఎదురయ్యే సీనే. ఎందుకంటే ఈ వస్తువులను వదిలే చోటు మన పక్కనే, హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర ఉంది. వాటి దారి కూడా మన నెత్తి మీదుగానే.

మొగిలిగుండ్లలో ఏం జరిగింది?

2022 డిసెంబర్ 7, బుధవారం ఉదయం. హైదరాబాద్ చుట్టుపక్కల చాలామందికి ఆకాశంలో తెల్లటి వస్తువు కనిపించింది. సోషల్ మీడియా అంతా అదే. కాసేపటికి సంగారెడ్డికి ఆనుకుని ఉన్న వికారాబాద్ జిల్లా, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల దగ్గర పొలాల్లో పెద్ద గుండ్రటి యంత్రం దిగింది. జనం పరుగులు పెట్టారు. సినిమాలో చూపించే స్పేస్‌షిప్‌కు, దీనికి పెద్ద తేడా లేదు మరి.

చివరికి తేలిందేంటంటే.. అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ క్యాప్సూల్. భవిష్యత్తులో టూరిస్టులను బెలూన్ కింద వేలాడే గదిలో కూర్చోబెట్టి, భూమి గుండ్రంగా కనిపించేంత ఎత్తుకు తీసుకెళ్లాలన్నది వాళ్ల ప్లాన్. దానికి మొదటి టెస్ట్ ఇది. లోపల మనుషులెవరూ లేరు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అదే టీఐఎఫ్ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం దాన్ని దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, పారాచూట్‌తో దింపింది. విమానాలు ఎగిరే ఎత్తుకు ఇది మూడింతల పైనే.

అంటే ఆ రోజు ఆకాశంలో తిరిగింది నిజంగానే విదేశీ వాహనం. గ్రహాంతరం మాత్రం కాదు, మాడ్రిడ్‌ది.

అంత వింతగా ఎందుకు కనిపిస్తుంది?

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఈ బెలూన్లు పాలిథీన్ ఫిల్మ్‌తో చేసినవి. పైకి వెళ్లాక 50 నుంచి 85 మీటర్ల వెడల్పు దాకా ఉబ్బుతాయి. 85 మీటర్ల బెలూన్ 35 కిలోమీటర్ల ఎత్తులో మీ నెత్తి మీద ఉందనుకోండి. పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు కనిపిస్తుంది. చుక్క అనడానికి మరీ పెద్దది, విమానం అనడానికి ఆకారం సరిపోదు. కంటికి అయోమయం అక్కడే మొదలు.

రెండోది వెలుతురు. కింద మనకు పొద్దు గూకినా, అంత ఎత్తులో ఉన్నదానికి ఇంకో 25 నిమిషాల దాకా ఎండ తగులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున కూడా అంతే. మనకు వెలుతురు రాకముందే దానికి సూర్యుడు కనిపిస్తాడు. చుట్టూ ఆకాశం మసకగా, అదొక్కటే ధగధగ. కరెంటు బల్బు వేసినట్టు ఉంటుంది కానీ అందులో బల్బేమీ లేదు.

ఇక కదలకపోవడం. అది కదులుతూనే ఉంటుంది, గాలి ఎటు తోస్తే అటు. దూరం ఎక్కువ కాబట్టి మనకు తెలియదు. జోగిపేట నుంచి ఈసీఐఎల్ సుమారు 80 కిలోమీటర్లు అనుకుంటే, అక్కడ పైకి లేచిన బెలూన్ కూడా మన ఆకాశంలో ఆగ్నేయం దిక్కున పావు వంతు ఎత్తులో కనిపించవచ్చు. 'మా ఊరి చెరువు మీదే ఆగింది' అని వీడియోలో చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. కంటికి అలాగే ఉంటుంది.

మీరే డిటెక్టివ్ అవ్వాలంటే..

ఈమధ్య యూట్యూబ్‌లో సొంతంగా యూఎఫ్ఓ ఇన్వెస్టిగేషన్ చేసే కుర్రాళ్లు పెరిగారు. తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ వీడియో తీసేటప్పుడు 'చూడండి ఫ్రెండ్స్, చూడండి' అని అరవడం తప్ప టైమ్, దిక్కు చెప్పరు. పనికొచ్చేవి ఆ రెండే! ఫ్రేమ్‌లో కరెంటు స్తంభమో, గుడి గోపురమో ఉండేలా తీయండి. జూమ్ చేయకుండా ఒక నిమిషం కదలకుండా పట్టుకోండి. ఆ స్తంభాన్ని బట్టి వస్తువు ఎంత జరిగిందో తర్వాత లెక్కేయొచ్చు. జూమ్ వీడియోలో అయితే మీ చెయ్యి వణుకుడు కూడా వస్తువు ఎగురుడులాగే కనిపిస్తుంది.

అప్పుడు చాలా కేసులు ఇంట్లో కూర్చునే తేలిపోతాయి. రెండు మూడు నిమిషాల్లో ఆకాశం దాటేసే ముత్యాల దండ లాంటి లైట్లు అయితే స్టార్‌లింక్ శాటిలైట్లు. 2019 నుంచి వాటిని గుంపులుగా వదులుతున్నారు. ఒక్కటే లైటు, మిణుకుమనకుండా కొద్ది నిమిషాల్లో దాటిపోతే ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ కావచ్చు. రోజూ సాయంత్రం ఒకే చోట, పడమర దిక్కున మెరిస్తే అది శుక్రుడు, అంటే శుక్ర గ్రహం. పగలు పటాన్‌చెరు వైపు గుండ్రాలు కొడుతున్న చిన్న విమానాలు కనిపిస్తే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ గుర్తు తెచ్చుకోండి. కందిలో ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్లు టెస్ట్ చేసే టీహాన్ అనే కేంద్రం 2022 నుంచి ఉంది. ఈ బెల్ట్‌లో ఆకాశం ఎప్పుడూ బిజీయే.

మరి పొలాల్లో వలయాలు? మన దగ్గర వరి పడిపోతే రైతును అడగండి, కారణం గట్టు మీదే చెప్పేస్తాడు. గాలివాన, యూరియా ఎక్కువై ఏపుగా పెరగడం, లేదంటే అడవి పందులు. ఇంగ్లాండ్‌లో గోధుమ చేలల్లో అందమైన డిజైన్లు వచ్చి ప్రపంచం ఊగిపోతే, 1991లో డౌగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు పెద్దమనుషులు అదంతా చెక్క పలక, తాడుతో మేం సరదాకి చేసిందే అని చెప్పేశారు. అసలు కామెడీ ఏంటంటే, ఒక పేపర్ కోసం వాళ్లు గీసిన వలయాన్ని పాట్ డెల్గాడో అనే పేరున్న పరిశోధకుడు 'ఇది మనుషుల పని కాదు' అని సర్టిఫై చేశాడు. తర్వాత మోసపోయానని ఒప్పుకున్నాడు. పాపం, ఆయన ఏళ్ల తరబడి పొలాలు తిరిగినవాడే.

దాచలేదు, చెప్పారు.. అయినా మనకు చేరలేదు

యూఎఫ్ఓ కథలకు పుట్టిల్లు లాంటిది అమెరికాలోని రోస్‌వెల్. 1947లో అక్కడ పొలాల్లో దొరికిన శిథిలాలు సోవియట్ అణు పరీక్షలను పసిగట్టే రహస్య బెలూన్ ప్రాజెక్టు 'మోగుల్'వి అని అమెరికా ఎయిర్‌ఫోర్స్ 1994లో రిపోర్ట్ ఇచ్చింది. దాదాపు 47 ఏళ్లు! అంతకాలం రహస్యంగా ఉంచితే జనం ఏలియన్స్ అనుకోరా?

మన దగ్గర కథ రివర్స్. టీఐఎఫ్ఆర్ బెలూన్ల సీజన్ ముందు పత్రికా ప్రకటన ఇస్తుంది. విశాఖపట్నం-హైదరాబాద్-షోలాపూర్ లైన్‌లో సుమారు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా దిగొచ్చని, ఏయే జిల్లాల్లో పడొచ్చో పేర్లతో సహా చెబుతుంది. ఆ లిస్టులో సంగారెడ్డి, మెదక్ కూడా ఉంటాయి. రహస్యం ఏమీ లేదు. కానీ ఆ ప్రకటన పేపర్లో లోపలి పేజీలో ఒక మూల వస్తుంది. రీల్ మాత్రం నేరుగా మీ చేతిలోకి వస్తుంది.

ఇందులో మా వాటా కూడా ఉంది, దాచడమెందుకు. 'ఆకాశంలో అంతుచిక్కని వస్తువు' అని టైటిల్ పెడితే వచ్చే వ్యూస్, 'అది బెలూన్' అని పెడితే రావు. నేను కూడా మొదటి రకం టైటిళ్లు పెట్టినవాడినే. క్లారిటీ వచ్చాక రెండో వార్త వేస్తాం, కానీ మొదటిది చూసినవాళ్లలో అది ఎంతమంది దాకా వెళ్తుంది చెప్పండి.

ఈ నిర్లక్ష్యానికి ఖరీదు ఉంది. బెలూన్ కింద వేలాడే పెట్టెలో ఏముంటుందో చూడండి. 2005 ఏప్రిల్ 20న ఇస్రో, టీఐఎఫ్ఆర్ కేంద్రం నుంచి ఒక బెలూన్ పంపింది. 459 కిలోల పరికరాలతో 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చారు. వెతికింది దేనికో తెలుసా? అంత ఎత్తులో సూక్ష్మజీవులు ఉన్నాయా అని. ప్రముఖ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ ఆధ్వర్యంలో జరిగిన ఈ ప్రయోగంలో హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ పరీక్షలు చేసి మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను గుర్తించాయి. ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట పేరు, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. అవి వేరే లోకం నుంచి వచ్చాయని రుజువు కాలేదు. కానీ ఏలియన్ల గురించి మన గడ్డ మీద జరిగిన సీరియస్ వెతుకులాటల్లో అదొకటి. ఆ రోజు పెట్టె దిగిన చోట ఎవరైనా 'ఏలియన్ బాక్స్ అన్‌బాక్సింగ్' అని మూత తీసి ఉంటే ఆ నమూనాలు పాడయ్యే ప్రమాదం ఉండేది.

దిగితే ఏం చేయాలి?

2025 జనవరిలో మన పక్క బీదర్ జిల్లా, హుమ్నాబాద్ తాలూకా జలసంగిలో ఇలాంటి బెలూనే ఏకంగా ఒక ఇంటి మీద పడింది. తెల్లారేసరికి ఊరంతా అక్కడే. బీదర్ నుంచి జహీరాబాద్ ఎంత దూరమో మీకు తెలుసు.

కాబట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. రంగురంగుల పెద్ద పారాచూట్, దానికి 20 నుంచి 40 మీటర్ల తాడు, చివర పరికరాల పెట్టె. కొన్నింటిలో హై వోల్టేజ్ ఉంటుందని టీఐఎఫ్ఆరే చెబుతోంది, అందుకే లాగొద్దు, విప్పొద్దు, పిల్లలను దగ్గరికి పోనివ్వొద్దు. బెలూన్లలో నింపేది హైడ్రోజన్, పక్కన బీడీ, సిగరెట్ లాంటివి అసలే వద్దు. జనాన్ని చేలోకి దింపకండి. యంత్రం పడిన చోట కంటే చూడటానికి వచ్చినవాళ్ల కాళ్ల కిందే ఎక్కువ పంట పోతుంది.

పెట్టె మీద అడ్రస్, ఫోన్ నంబర్ ఉంటాయి. వాళ్లకు గానీ, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, పోస్టాఫీసుకు గానీ చెప్పొచ్చు. భద్రంగా ఉంచి సమాచారం ఇచ్చినవాళ్లకు తగిన పారితోషికం, ఫోన్, ప్రయాణ ఖర్చులు ఇస్తామని టీఐఎఫ్ఆర్ ప్రకటనలోనే ఉంది. ముందు ఆ నంబర్‌కు కాల్ చేయండి, వీడియో మాకు తర్వాత పంపండి. గంట లేటుగా అప్‌లోడ్ చేస్తాం, మాకేం ఇబ్బంది లేదు.