ఎక్కాన్ని తిరగేసి చూడండి

పొద్దున్నే పేపరు రాగానే సుడోకు కోసం పేజీలు తిప్పే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. మంచి అలవాటే. అయితే సుడోకులో అంకెలుంటాయి గానీ లెక్క ఉండదు. 1 నుంచి 9 దాకా అంకెల బదులు తొమ్మిది అక్షరాలు పెట్టినా ఆట చెక్కుచెదరదు. 1979లో హొవార్డ్ గార్న్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ తయారుచేసిన ఆ పజిల్ తర్కానికి పదును పెడుతుంది, అంతే. కూడికలు, హెచ్చవేతల జోలికి పోదు. మన పిల్లలు జంకుతున్నది ఆ కూడికలూ హెచ్చవేతలూ చూసే. అందుకే రోజుకో లెక్కల పజిల్ కావాలంటాను, ముఖ్యంగా కెన్‌కెన్ లాంటిది.

2004లో జపాన్‌లో తెత్సుయా మియమొతో అనే లెక్కల మాస్టారు తన దగ్గర చదువుకునే పిల్లల కోసం దీన్ని కల్పించారు. కాగితం చేతికిచ్చి ఆయన పక్కకు తప్పుకుంటారు. ఆ పైన ఎవరి పాట్లు వారు పడాలి. 2008లో లండన్ టైమ్స్, 2009లో న్యూయార్క్ టైమ్స్ అచ్చు వేయడం మొదలుపెట్టాక అది దేశదేశాలకూ పాకింది.

ఆరు గళ్ల చదరమైతే ప్రతి అడ్డు వరుసలోనూ, నిలువు వరుసలోనూ 1 నుంచి 6 దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి. గళ్లను లావు గీతలతో గుంపులుగా విడదీస్తారు. ప్రతి గుంపుకూ ఒక సంఖ్య, పక్కనే ఒక గుర్తు ఉంటాయి. రెండు గళ్ల గుంపులో ‘11+’ అని ఉంటే 5, 6 తప్ప వేరే దారి లేదు. ‘5−’ అయితే 6, 1.

ఇప్పుడు మూడు గళ్లు ఎల్ ఆకారంలో ఉన్నాయనుకోండి. ‘75×’ అని ఇచ్చారు. 75 రావాలంటే రెండు అయిదులు, ఒక మూడు కావాలి. అయిదులు రెండూ ఒకే వరుసలో పడకూడదు. మలుపు దగ్గరున్న గడికి ఒక పొరుగు అడ్డంగా ఉంది, ఇంకొకటి నిలువుగా ఉంది. అక్కడ 5 వేస్తే రెండో 5 ఎటు వెళ్లినా దానితో తగాదాయే. కాబట్టి మలుపులో 3, రెండు చివర్లా 5. ఒక్క ఆధారంతో మూడు గళ్లూ నిండాయి! కారణాంకాల పాఠం ఇంకా వినని పిల్ల దీన్ని తనంతట తాను పట్టుకున్నప్పుడు ఆ మొహం చూడాలి. ఆ సంతోషం మార్కులతో రాదు.

మన బడిలో ఎక్కం ఒక్క దిక్కుకే నడుస్తుంది. ‘ఆరు నాలుగులు?’ అనగానే ‘ఇరవై నాలుగు’ అని ఠక్కున చెప్పే పిల్లవాణ్ని, ఏ రెండంకెలు హెచ్చిస్తే ఇరవై నాలుగు వస్తుందో అడగండి. ఒక్క క్షణం ఆగిపోతాడు. వాడికి రాక కాదు, అటు నుంచి ఎవరూ అడగలేదు. భిన్నాన్ని చిన్నది చేయాలన్నా, కసాగు కట్టాలన్నా, పదో తరగతి వర్గ సమీకరణంలో మధ్య పదాన్ని విడగొట్టాలన్నా కావలసింది ఈ వెనక నడకే. కెన్‌కెన్ ప్రతి గుంపులోనూ అదే అడుగుతుంది. వల్లెవేత తప్పని నేననను. ఎక్కాలు నోటికి రాకపోతే ఈ పజిల్ ముందుకే సాగదు. నోటికి వచ్చినదానికి పని చూపించమంటున్నాను.

లెక్కను వినోదంగా చూడటం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలంటే మహావీరాచార్యుడికి ముచ్చట. వాటిని మెడలో హారాలన్నాడు. 142857143ను 7తో హెచ్చించి చూడండి. 1000000001 వస్తుంది. కాలిక్యులేటర్ వద్దు, చేత్తోనే వేయండి. వరసగా సున్నాలు దిగుతుంటే కలిగే ఆనందం చేత్తో వేసినవాళ్లకే తెలుస్తుంది.

నన్ను బాధపెట్టేది గడియారం. ఫోన్లలోని లెక్కల ఆటల్లో చాలావాటికి పక్కన సెకన్లు పరుగెడుతూనే ఉంటాయి. చురుకైనవాళ్లకు అది హుషారు కావచ్చు. లెక్కంటే వణికే పిల్లకు మాత్రం మరో పరీక్ష హాలు. సగం చేసి వదిలేసి, సాయంత్రం బడి నుంచి వచ్చాక మళ్లీ అందుకునే వీలుండాలి. చేతిలో పెన్సిలూ రబ్బరూ ఉండాలి, గడి మూలన ‘ఇక్కడ 2 గానీ 4 గానీ’ అని చిన్నగా రాసుకునే చోటుండాలి. పజిళ్లు చేస్తే ముసలితనంలో మతిమరుపు రాదనే మాటల జోలికి నేను పోను. పిల్లల బెరుకు తీరితే అదే పదివేలు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. జవాబు చెప్పేయకండి. మరీ చిక్కుపడితే ‘ఈ వరుసలో ఇంకా ఏయే అంకెలు రావాలి?’ అని అడిగి ఊరుకోండి.

పత్రికల సంపాదకులు పిల్లల పేజీలో రోజూ ఇలాంటి చదరం ఒకటి వేయాలి. జవాబు అదే పేజీలో తలకిందులుగా వద్దు, మర్నాడు వేయండి. టీచర్లు ప్రార్థన కాగానే నల్లబల్ల మూలన నాలుగు గళ్ల చదరం ఒకటి గీసి, సాయంత్రం గంట కొట్టేదాకా చెరపకుండా ఉంచండి.