బోర్డు మీద మ్యాప్ ఎవరిది?



పోయిన నెల ఏడో తరగతిలో గోదావరి గురించి చెబుతున్నాను. డిజిటల్ బోర్డు మీద త్రయంబకేశ్వర్ దగ్గర మొదలుపెట్టి, మ్యాప్‌ను వేలితో జరుపుకుంటూ నాందేడ్, బాసర దాటి భద్రాచలం దాకా వచ్చాం. పాపికొండల దగ్గరికి వచ్చేసరికి మ్యాప్ బదులు బూడిద రంగు గడులు కనిపించాయి. నెట్ పోయింది. పాఠంలోని బొమ్మలు, ప్రశ్నలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. స్టోర్ రూమ్ నుంచి గోడ మ్యాప్ తెప్పించి ధవళేశ్వరం, అంతర్వేది చూపించి పాఠం ముగించాను.

గంట కొట్టాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి అడిగింది: "మేడమ్, సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్‌లోనే ఉంది కదా, మరి అందులోని మ్యాప్ ఒక్కటే ఎందుకు పోయింది?"

ఇది చాలా మంచి ప్రశ్న. పిల్లలే కాదు, మీరూ మేమూ కూడా అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

పాఠాల సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేస్తారు. బొమ్మలు, ప్రశ్నలు అందులోనే ఉంటాయి. మ్యాప్ అలా కాదు. సాఫ్ట్‌వేర్ మధ్యలో ఒక చిన్న బ్రౌజర్‌ను కిటికీలా అమర్చి, వేరే సంస్థ నడిపే మ్యాప్‌ను అందులోంచి చూపిస్తారు. ఆ మ్యాప్ అప్పటికప్పుడు నెట్ మీద చదరపు ముక్కలుగా వచ్చి అతుక్కుంటుంది. ప్రపంచమంతా కనిపించే మొదటి మెట్టులో ఒక్కటే ముక్క. ఒక్కో మెట్టు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒక్కో ముక్క నాలుగవుతుంది. పది మెట్లు దిగేసరికి 10,48,576 ముక్కలు. ఇంకా దిగితే మన వీధి కనిపించే సమయానికి లెక్క వందల కోట్లు దాటిపోతుంది. ఇవన్నీ క్లాసులోని కంప్యూటర్‌లో దాచలేం. అందుకే కావాల్సిన ముక్కల్ని ఎప్పటికప్పుడు బయటి నుంచి తెచ్చుకోవాలి.

ఇందులో తప్పేమీ లేదు. నాకు ఇబ్బందిగా అనిపించేది ఒక్కటే. మామూలు బ్రౌజర్‌లో పైన అడ్రస్ కనిపిస్తుంది. ఏ సైట్‌లో ఉన్నామో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ లోపలి కిటికీకి సాధారణంగా ఆ అడ్రస్ కనిపించదు. దాంతో అందులో కనిపించేదంతా బడి వాళ్లు తయారుచేసిందే అని పిల్లలు అనుకుంటారు. "బోర్డు మీద ఉంది, కాబట్టి కరెక్టే" అనే నమ్మకం అక్కడే మొదలవుతుంది.

ఆ నమ్మకం ఎక్కడ దెబ్బతింటుందో మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది సరిహద్దులు. కొన్ని పెద్ద సంస్థల మ్యాప్‌లు భారత్‌లో తెరిస్తే ఒకలా, వేరే దేశం సెట్టింగ్‌తో తెరిస్తే మరోలా సరిహద్దు గీతలు చూపిస్తాయి. కిటికీ అమర్చినవాళ్లు ఆ సెట్టింగ్ చూసుకోకపోతే, పిల్లలు చూసే భారతదేశం ఆకారమే మారిపోతుంది. మన దేశం సరిహద్దులకు ప్రమాణం సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్. పరీక్షలో మ్యాప్ పాయింటింగ్‌కు కూడా అదే ఆధారం.

రెండోది సైజులు. ఇలాంటి చదును మ్యాప్‌లలో ఎక్కువ భాగం మెర్కేటర్ పద్ధతిలో గీసినవే. వాటిలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. గ్లోబ్ తెచ్చి పక్కన పెట్టి చూపిస్తేగాని పిల్లలు నమ్మరు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పాస్‌వర్డ్. ఇంట్లో హోంవర్క్ యాప్‌లలోనూ ఇలాంటి కిటికీలు ఉంటాయి. అందులో లాగిన్ పేజీ తెరుచుకుంటే, అక్కడ టైప్ చేసేదాన్ని ఆ యాప్ చూడగలదు. ఈ కారణంగానే గూగుల్ 2016లో ముందుగా ప్రకటించి, 2017 నుంచి ఇలాంటి లోపలి కిటికీల ద్వారా తన ఖాతాతో లాగిన్ కావడాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. "మీ లొకేషన్ చూడొచ్చా?" అని అడిగే బటన్‌తోనూ అంతే జాగ్రత్తగా ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల వ్యక్తిగత వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ బటన్ నొక్కాలా వద్దా అన్నది పిల్లలకు వదిలేయకండి.

"ఇంత గొడవ ఎందుకు మేడమ్, మా రోజుల్లోలాగా అట్లాసు చాలదా?" అని పీటీఎంలో ఒక తండ్రి అన్నారు. చాలదు అనే అంటాను. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలి, విసనకర్రలా పరుచుకుని సముద్రంలో కలవడాన్ని శాటిలైట్ మ్యాప్‌లో చూసిన పిల్లలకు డెల్టా అంటే ఏమిటో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట అక్కడే ఎందుకు కట్టారో వాళ్లే చెప్పేస్తారు. గోడ మ్యాప్‌తో ఆ పని నేను ఎన్నో ఏళ్లు ప్రయత్నించాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ కాలేదు. కాబట్టి మ్యాప్ ఉండాలి. దానితోపాటు అది ఎవరిదో కూడా తెలియాలి.

బడుల వైపు నుంచి మూడు పనులు జరగాలని నేను కోరుతున్నాను. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు లోపలి మ్యాప్ ఎవరిది, ఏ బ్రౌజర్ మీద నడుస్తుంది అని అడగాలి. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మంగళం పాడింది. ఆ పాత బ్రౌజర్ మీదే ఆధారపడిన సాఫ్ట్‌వేర్లలో కొత్త మ్యాప్‌లు సరిగా రావు. రెండోది, మ్యాప్ చూడటానికి పిల్లల పేరు, లాగిన్, లొకేషన్ ఏదీ అవసరం లేకుండా ఉండాలి. మూడోది, ప్రతి క్లాసులో ఒక గ్లోబ్, ఒక గోడ మ్యాప్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నెట్ పోతే పాఠం ఆగకూడదు. వచ్చే పీటీఎంలో ఈ మూడూ మీరు మమ్మల్ని అడగండి. అడిగితే మాకు కోపం రాదు, మా పని తేలికవుతుంది.

ఇంట్లో చేయాల్సింది ఇంకా చిన్న పని. పిల్లలతో కూర్చుని ఏదైనా మ్యాప్ తెరిచి, కింద మూలన ఉండే చిన్న అక్షరాలు చదివించండి. "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్" అని ఉంటే, అది 2004లో మొదలై వలంటీర్లు కలిసి గీస్తున్న మ్యాప్. అందులో మీ వీధి పేరు లేకపోతే మీరే చేర్చవచ్చు. "భువన్" అని ఉంటే అది ఇస్రోది. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ 2009 నుంచి నడుపుతోంది. మరి యాప్ లోపల పాస్‌వర్డ్ అడిగితే టైప్ చేయకుండా మిమ్మల్ని పిలవమని చెప్పండి.

నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి మర్నాడు నెట్ రాగానే బోర్డు దగ్గరికి వచ్చి ఆ మూలన ఉన్నది పైకి చదివింది. ఇప్పుడు మ్యాప్ తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ముందు ఆ మూల చదువుతున్నారు. పాఠానికి అర నిమిషం ఆలస్యమవుతోంది. ఆ అర నిమిషం నాకు నష్టంగా అనిపించడం లేదు.

— సోషల్ టీచర్, హైస్కూల్ విభాగం