ఎంపీ ఓటు తిరుపతికి.. కలెక్టరేట్ నెల్లూరులో! సర్వేపల్లి లెక్క ఈసారైనా మారుతుందా?

నెల్లూరు: పోర్టు ఉంది, థర్మల్ కేంద్రాలున్నాయి, వరి ఉంది, రొయ్యల చెరువులున్నాయి. పొదలకూరు వైపు వెళితే నిమ్మ తోటలు, గనులు. ఇవన్నీ ఒకే అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఉన్నాయి. అదే సర్వేపల్లి. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, వెంకటాచలం, మనుబోలు, పొదలకూరు.. మొత్తం 5 మండలాలు.

ఇక్కడి ఓటరుది విచిత్రమైన పరిస్థితి. ఏ పని పడినా నెల్లూరు కలెక్టరేట్‌కే వెళ్లాలి. ఎంపీని ఎన్నుకోవాలంటే మాత్రం తిరుపతి స్థానానికి ఓటేయాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పార్లమెంట్ నియోజకవర్గమే ప్రాతిపదిక అన్నారు. ఆ లెక్కన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరిలో కొంత భాగం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. సర్వేపల్లిని కదపలేదు. కదిపితే నెల్లూరు నగరాన్ని ఆనుకుని ఉన్న పల్లెలు కూడా వంద కిలోమీటర్లు దాటి పోవాల్సి వచ్చేది. జనానికి అది మంచిదే, కానీ ఎంపీ లెక్క అలాగే మిగిలిపోయింది. 2024లో ఎమ్మెల్యేగా టీడీపీ నేత, ఎంపీగా వైసీపీ నేత గురుమూర్తి గెలవడంతో ఈ చీలిక ఇంకా స్పష్టమైంది.

రాజకీయంగా చూస్తే ఇది రెండు పేర్ల కథ. సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి 1994, 1999లో గెలిచారు. ఆ తర్వాత 2004 నుంచి 2019 వరకు వరుసగా 4 ఓటములు. మధ్యలో 2012 కోవూరు ఉప ఎన్నికలోనూ కలిసి రాలేదు. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా 2024లో మళ్లీ గెలవడం మామూలు విషయం కాదు. ఆయన్ని 2014, 2019లో ఓడించింది కాకాణి గోవర్ధన్ రెడ్డి. వీళ్లిద్దరూ వ్యవసాయ మంత్రులుగా పనిచేసినవాళ్లే కావడం మరో విశేషం.

అయితే ఎన్నికల వేడి మాత్రం పొలం కంటే పోర్టు చుట్టూనే ఎక్కువ. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది, 2020లో అదానీ గ్రూప్ చేతికి వెళ్లింది. కంటైనర్ల రాకపోకలు తగ్గిపోయాయన్న వివాదం 2024 ఎన్నికల ముందు గట్టిగా నడిచింది. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రానిదీ ఇదే తీరు. 800 మెగావాట్ల యూనిట్లు 3 ఉన్నాయి. పక్క ఊళ్లకు మాత్రం బూడిద బాధ తప్పడం లేదు.

ఇక అసలు విషయం జనాభా. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 29.63 లక్షల మంది. అందులో దాదాపు పదో వంతు ఎస్టీలు, వారిలో ఎక్కువ మంది యానాదులు. చెరువు గట్ల మీద, కాలువల వెంట, రొయ్యల గుంటల దగ్గర కాపలా పనుల్లో కనిపించేది వీళ్లే. రాష్ట్రంలో 7 ఎస్టీ రిజర్వుడ్ స్థానాలుంటే నెల్లూరులో ఒక్కటీ లేదు. కారణం సింపుల్. ఏజెన్సీలో గిరిజనులు ఒకేచోట ఉంటారు, ఇక్కడ ఊరికి పది ఇళ్లు చొప్పున చెదిరిపోయి ఉన్నారు. ఎస్టీ సీటు దక్కాలంటే ఒక నియోజకవర్గంలో వాళ్ల శాతం ఎక్కువగా ఉండాలి.

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. విభజన చట్టం చెప్పినట్టు అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కు పెరిగితే సర్వేపల్లి సరిహద్దులు మళ్లీ గీయాల్సిందే. ఎంపీ సీటు నెల్లూరుకు మారుతుందా అన్నదానిపై నేతల చర్చలు ఇప్పటికే వినిపిస్తున్నాయి. గట్టు మీది గుడిసెలు ఆ లెక్కలో పూర్తిగా నమోదవుతాయా అన్నదే ఇంకా ఎవరూ అడగని ప్రశ్న.