కాపలా కాసే కథానాయిక

మన సినిమాల్లో బాడీగార్డ్ అంటే ఎవరండీ? నల్లకోటు, నల్లకళ్ళజోడు, రొమ్ము విరుచుకుని నిలబడే ఆరడుగుల మగాడు! 2012 సంక్రాంతికి వచ్చిన మన 'బాడీగార్డ్' గుర్తుందిగా? వెంకటేష్ గారి కాపలా, ఆ కాపలా తప్పించుకోవడానికి త్రిష వేరే పేరుతో ఫోన్లో కబుర్లు... ఆ కథని 2010లో మలయాళంలో సిద్దిఖ్ తీశాడు. 2011లో తమిళంలో విజయ్, హిందీలో సల్మాన్‌ఖాన్ అదే డ్యూటీ చేశారు. నాలుగు భాషలు తిరిగొచ్చినా కాపలా మాత్రం మగవాడి చెయ్యి దాటలేదు!

ఈ వారం నేను చెప్పబోయేది దాన్ని తిరగేసిన కథ. సినిమా కాదు, నవల. పేరు 'ఆల్వేస్ వాచింగ్'. రాసినావిడ లినెట్ ఈసన్, అమెరికాలో సౌత్ కరోలినా ఆవిడది. 2016లో అచ్చయింది. 'ఎలీట్ గార్డియన్స్' వరసలో ఇదే మొదటిది. ఆ ఎలీట్ గార్డియన్స్ అనేది బాడీగార్డుల ఏజెన్సీ. కాపలా కాసేదంతా ఆడవాళ్ళే!

కథానాయిక ఒలీవియా ఎడ్వర్డ్స్. తుపాకీ పేల్చడమూ వచ్చు, పేల్చకుండా ఊరుకోవడమూ వచ్చు. ఆవిడ కాపాడాల్సిన మనిషి వేడ్ సావేజ్. రేడియోలో జనం కష్టసుఖాలు వింటూ సలహాలిచ్చే పేరున్న మనిషి. ఇంట్లో కూతురు. అతని గొంతు విని విని ఎవరో ఒక అభిమానికి మతి చలించింది. అతనికి మేలు చేస్తున్నాననుకుంటూనే అతని చుట్టూ ఉన్న వాళ్ళ మీద పడుతుందా పిచ్చి. ఆ అభిమాని ఎవరో చెప్పను. చెబితే రేపు మీరే నన్ను తిడతారు.

నాకు భయమేసింది బాంబులకీ తూటాలకీ కాదు, ఆ "మేలు" అన్న మాటకి. పగవాడు ఎదురుగా వస్తే కొట్టొచ్చు. ప్రేమతో గొంతు నులమడానికి వచ్చేవాణ్ణి ఏం చేస్తాం? కటౌట్లకి పాలాభిషేకాలు చేసే మనకీ, తెర మీది మనిషిని మన సొంత ఆస్తి అనుకునే మనకీ, ఈ భాగం కాస్త గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా!

ఇక వేడ్ సంగతి. ప్రాణం మీదికొచ్చినా పగ్గాలు ఇంకొకరి చేతికివ్వడం అతనికి గిట్టదు. తన ఇల్లు, తన కూతురు, తన భయం, అన్నీ తానే చూసుకోవాలి. ఒలీవియా "ఈ కిటికీ దగ్గర నిలబడొద్దు" అంటే నిలబడకూడదు. "ముందు నేను వెళ్తాను" అంటే ఆగాలి. చెప్పడానికి ఇంతే. మగమహారాజుకి ఇది ఎంత కష్టమో మన హీరోలనడగండి!

అన్నట్టు, ఇది క్రైస్తవ ప్రేమ నవల. ఆ జాతి నవలలకి కొన్ని కట్టుబాట్లున్నాయి. ముద్దు దాటి ముందుకెళ్ళదు, పడగ్గది తలుపు తెరుచుకోదు, బూతుమాట వినిపించదు. ప్రేమతోపాటు దేవుడితో లెక్క కూడా తేలాలి. 1979లో జానెట్ ఓక్ 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' రాసినప్పటి నుంచీ వీటికి అక్కడ పెద్ద గిరాకీ. మిల్స్ అండ్ బూన్ మనకి అందించే హార్లెక్విన్ వాళ్ళు కూడా 1997లో 'లవ్ ఇన్‌స్పైర్డ్' అని వేరే వరస మొదలెట్టారు. సస్పెన్సు కోసం 2005లో ఇంకో వరస.

మన కుర్రకారు "అయితే పాటలూ లేవు, ప్రసంగాలే అన్నమాట!" అని పెదవి విరవొచ్చు. కొంత నిజమే. ఈ రకం నవలల్లో ప్రార్థన ఒక్కోసారి ఇంటర్వెల్ ముందు పాటలాగా అతికించినట్టుంటుంది. కానీ ఈ కథలో కాపలాకీ భక్తికీ ముడి బాగా కుదిరిందని నా అభిప్రాయం. ఒక మనిషిని నమ్మి ప్రాణం అప్పగించలేనివాడు దేవుడికి మాత్రం ఏం అప్పగిస్తాడు? కాపాడటమే వృత్తిగా బతికే పిల్ల, తన కాపలా చాలని చోట ఎవరి మొహం చూస్తుంది? తుపాకీ వదలకుండానే ప్రార్థన చేయడం తప్పా? ఇవన్నీ ఆ కథ వెనకాల మెదులుతూ ఉంటాయి.

ప్రేమ దగ్గర ఇంకో చిక్కు. బాడీగార్డ్ చూడాల్సింది తను కాపాడే మనిషిని కాదు, చుట్టూ ఉన్న జనం చేతుల్ని. ఎవరి చెయ్యి జేబులోకి పోతోంది, ఎవరు చలికాలం కాకపోయినా కోటు తొడుక్కున్నారు... మరి ప్రేమలో పడ్డ కన్ను ఎటు చూస్తుంది?

1992 నాటి హాలీవుడ్ 'ది బాడీగార్డ్'లో కెవిన్ కోస్ట్‌నర్‌కి వచ్చిన తంటా ఇదే. రీగన్ మీద 1981లో కాల్పులు జరిగిన రోజు డ్యూటీలో లేకపోయానని కుమిలే మనిషి వేషం. పాటకత్తె విట్నీ హ్యూస్టన్‌ని ప్రేమిస్తే కాపాడలేనని వెనక్కి తగ్గుతాడు. చివరికి ఇద్దరూ విడిపోతారు. అక్కడ విడిపోతేనే అందం. క్రైస్తవ ప్రేమ నవలలో ఆ ముగింపుకి చోటు లేదు. జంట కలిసి తీరాలి!

విట్నీకి అదే మొదటి సినిమా. ఆమె కోసం కోస్ట్‌నర్ షూటింగుని ఏడాది ఆపాడు. 2012 ఫిబ్రవరిలో ఆమె పోయినప్పుడు న్యూఅర్క్‌లో ఆమె చిన్నప్పుడు పాడిన బాప్టిస్టు చర్చిలోనే అంత్యక్రియల ప్రార్థన జరిగింది. కోస్ట్‌నర్ లేచి, తామిద్దరం చర్చి నీడన పెరిగినవాళ్ళమేనని చెబుతూ మాట్లాడాడు. అంత పేరొచ్చాక కూడా తను సరిపోతానా అన్న బెంగ ఆమెని వదల్లేదట! ఆ బెంగ దగ్గర మాత్రం ఏ బాడీగార్డ్ నిలబడగలడు?

'ఆల్వేస్ వాచింగ్' మన తెలుగులో తీస్తే ఎలా ఉంటుందని ఊహించాను. ఒలీవియా వేషానికి కొదవ లేదు. 1990లోనే 'కర్తవ్యం'లో విజయశాంతి లాఠీ పట్టుకుంటే హాళ్ళు ఊగిపోయాయి. కానీ వేడ్ వేషమో? సినిమా అంతా ఒక ఆడపిల్ల వీపు వెనకాల నిలబడి, ఆఖరి ఫైటు కూడా ఆమెకే వదిలేసే హీరో కావాలి. మీకెవరైనా తోస్తే ఓ కార్డుముక్క రాయండి!