నేరమొకరిది, శిక్ష శిక్షకునకు

మన ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడెల్ల ఒక తంతు జరుగుచున్నది. సంఘాధికారులు సమావేశమగుదురు, శిక్షకుని సాగనంపుదురు, మఱియొకని పిలిపింతురు. అంతటితో విచారణ ముగిసినట్లే! ముద్దాయి యెవరో తేలకమునుపే తీర్పు వెలువడు ఈ న్యాయమును మేము మెచ్చజాలము. హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ నయీముద్దీన్ చరిత్రమే యిందుకు చాలిన సాక్ష్యము.

1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలయందు భారతజట్టునకు నాయకుడాయనయే. మూడవ స్థానమునకై జరిగిన పోటీలో మనవారు జపానును ఒక్క గోలుతో నోడించి కాంస్యపతకము గొనివచ్చిరి. ఓడినది అల్పదేశము కాదు. 1968లో మెక్సికో ఒలింపిక్సునందు కాంస్యము గెలిచిన దేశము. హైదరాబాదునకిది క్రొత్త గౌరవమును కాదు. ఆ నగరపు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే 1951, 1962 సంవత్సరములలో భారతదేశము ఆసియా స్వర్ణమును గెలిచినది. 1970 తరువాత మాత్రము ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టు ఒక్క పతకమైనను చూడలేదు.

నయీముద్దీన్ ఆట మాని శిక్షకుడాయెను. 1990లో ద్రోణాచార్య పురస్కారమందెను. క్రీడాకారులకిచ్చు అర్జున పురస్కారము 1997లో గాని రాలేదు! గురువునకు సన్మానము చేసిన యేడేండ్లకు, ఆయన యొకప్పుడు ఆడియుండెనని ప్రభువులకు జ్ఞప్తికి వచ్చెను కాబోలు.

2005లో కరాచీయందు బంగ్లాదేశమును 2–0గా గెలిచి దక్షిణాసియా కప్పు తెచ్చిన జట్టునకు శిక్షకుడాయనయే. మరుసటి ఫిబ్రవరిలో జపానుతో తలపడవలసి వచ్చెను. ఫలితము 6–0. మార్చిలో ఢిల్లీయందు యెమెన్ చేతిలో 3–0. ఆ యేడే ఆయన స్థానమునకు ఆంగ్లేయుడు బాబ్ హౌటన్ వచ్చెను.

పాఠకులు గమనింతురు గాక. మనిషి అతడే, ప్రత్యర్థియు అదే. నడుమ గడచినవి ముప్పదియాఱేండ్లు. ఆ కాలమున జపాను ఏమి చేసినది? 1993లో వృత్తిక్రీడాకారుల లీగును నెలకొల్పినది. 1998లో ప్రపంచ కప్పులో ప్రవేశించినది. 2002లో కొరియాతో కలసి ఆ పోటీలను తన గడ్డమీదనే జరిపినది. మనము జాతీయ లీగు మొదలుపెట్టుటకే 1996 వచ్చెను. ఆ ఆఱు గోళ్లను నయీముద్దీన్ ఖాతాలో వ్రాయుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

ఆయన కఠినుడనియు, పాతకాలపు పద్ధతులు విడువనివాడనియు అనువారు కలరు. అందు కొంత నిజముండవచ్చును. కాని కఠినుడైన గురువు ఒక ఋతువును చెడగొట్టగలడేమో గాని మూడు దశాబ్దములను చెడగొట్టజాలడు. ఆ శక్తి సంఘాధికారులకే కలదు. వారి నిర్వాకమువలననే గదా 2022 ఆగస్టులో ఫీఫా మన సంఘమును సస్పెండు చేసినది! ఆ నేరమునకు ఏ శిక్షకుని పంపివేయుదురు?

హౌటన్ పిదప విదేశీయులు పలువురు వచ్చిరి, పోయిరి. 2025 ఆగస్టులో మన దేశపు పూర్వక్రీడాకారుడు ఖాలిద్ జమీల్ ఆ బాధ్యత స్వీకరించెను. అక్టోబరులోనే సింగపూరు చేతిలో 2–1గా ఓడి 2027 ఆసియా కప్పునకు దూరమైతిమి. తంతు మరల మొదలుపెట్టకమునుపే సంఘమువారు ఒక లెక్క చెప్పవలెను: పదునాలుగేండ్ల బాలునకు ఏటా ఎన్ని పోటీలు దొరకుచున్నవి? అతడాడుటకు మైదానమెక్కడ? నేర్పువారెవరు? వారి జీతమెంత? ఈ వివరములను జిల్లాలవారీగా ప్రకటింపుడని మేము కోరుచున్నాము.