నేల ఎరిగిన మొక్క

ప్రబంధాలకు విధించిన అష్టాదశ వర్ణనలలో ఉద్యానవిహారం ఒకటి. ఒకనాడు రాజులకు పరిమితమైన ఆ ముచ్చట నేడు గోదావరిఖనిలో గని కార్మికుని క్వార్టరు ముంగిట నాలుగు పూలకుండీల రూపంలో దర్శనమిస్తుంది. బొగ్గుధూళి నడుమ జీవించేవారు పచ్చదనాన్ని కోరడం విలాసమనిపించుకోదు. అయితే ఏ మొక్కను కోరాలన్నది విచారించవలసిన విషయం.

శీతల దేశాల తోటలలో హైడ్రాంజియా అనే పూలపొదకు విశేషమైన ఆదరణ ఉంది. గుత్తులు గుత్తులుగా పూచే ఈ జాతిలో మూడడుగులు మించని పొట్టి రకాలు కూడా ఉన్నాయి. కొన్ని రకాలు నిరుటి కొమ్మలపై మొగ్గ తొడుగుతాయి. తీవ్రమైన మంచుకు ఆ మొగ్గలు మాడిపోతే ఆ ఏడు పూలుండవు. కొత్త చిగుళ్లపై పూచే రకాలు తీవ్రమైన చలిని కూడా దాటి మళ్లీ పూయగలవు. పెద్ద ఆకుల రకంలో మరొక వింత ఉంది. ఆమ్లగుణం గల నేలలోని అల్యూమినియాన్ని వేళ్లు గ్రహించడం వల్ల పూలు నీలవర్ణం పొందుతాయి. క్షారగుణం గల నేలలో గులాబి రంగు దాలుస్తాయి. తాను నిలిచిన నేల స్వభావాన్ని ఆ పువ్వు తన రంగుతోనే చాటుతుంది. మన దేశంలో ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్ వంటి కొండప్రాంతాలు దీనికి అనుకూలమైనవి.

అదే పొదను రామగుండానికి తెస్తే ఏమవుతుంది? వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. వెడల్పాటి ఆకుల ఆ మొక్క మధ్యాహ్నానికే వాడిపోతుంది. మంచుదేశాలలో స్థిరపడిన తెలుగువారు కరివేప మొక్కను కుండీలో పెంచి, శీతకాలమంతా ఇంటిలోపల కాపాడుకుంటారు గదా అని కొందరు వాదించవచ్చు. అది మమకారం, ఒక కుండీకి ఆ శ్రమ తగును. ఊరంతటి పచ్చదనానికి ఆ పద్ధతి చెల్లదు.

1871లో ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును కనుగొన్న తరువాత గోదావరి లోయ రూపురేఖలే మారాయి. ఉపరితల గనుల వద్ద సారవంతమైన పైమట్టి అడుగున పడి, లోతుల్లోని ఇసుకరాయి పైకి వచ్చి గుట్టలుగా నిలిచింది. అటువంటి చోట సుకుమారమైన మొక్క బ్రతకదు. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే కానుగ, ఎండకు వెరవని వేప వంటివే అక్కడ నిలుస్తాయి. తీసిన పైమట్టిని భద్రపరచి మళ్లీ పరిస్తే వాటి పని సులువవుతుంది.

నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు సత్యభామ కోసం స్వర్గం నుండి పారిజాతాన్ని తెస్తాడు. దేవవృక్షం కనుక అది ఎక్కడైనా పూస్తుంది. ఆ పేరుతోనే జనం పిలుచుకొనే చిన్న చెట్టు మాత్రం ఈ నేలదే. సాయంకాలం విచ్చి తెల్లవారుజామున రాలే ఆ పూలు, రాత్రి షిఫ్టు ముగించి వచ్చే కార్మికునికి ముంగిటనే స్వాగతం పలుకుతాయి. దానికోసం ఇంద్రునితో యుద్ధం అవసరం లేదు.

బొగ్గు తరిగిపోయే సంపద. గనులు మూతపడిన నాడు రాబోయే తరాలకు మిగిలేది ఈ నేలే. కనుక మొక్కలు నాటే ఉత్సవాలలో ఎన్ని నాటారన్న లెక్క చాలదు. మూడు వేసవులు దాటి ఎన్ని నిలిచాయో లెక్కించాలి. నేలను ఎరిగి నాటినవారికే ఆ లెక్కను నిర్భయంగా చెప్పే అధికారం దక్కుతుంది.