పుదుచ్చేరిని ఫ్రెంచి ఊరు అనకండి

పుదుచ్చేరికి బయలుదేరే తెలుగువాళ్లను కదిపితే చాలు, "ఖర్చు లేకుండా ఫ్రాన్సు చూసొస్తాం" అంటారు. టూరిజం ప్రకటనలదీ, యూట్యూబ్ వీడియోలదీ అదే పాట. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, ఫ్రెంచి పేర్లున్న వీధి బోర్డులు, కెఫేలో ఓ కాఫీ, నాలుగు ఫొటోలు. ఊరి చరిత్ర చూసేశామని తిరుగు బస్సెక్కేస్తారు. వాళ్లు చూసింది ఊరిని రెండుగా చీల్చే కాలువకు తూర్పున ఉన్న కాసిని వీధులను, అంటే వైట్ టౌన్‌ను. ఆ వీధులు ఎవరి చెమట మీద నిలబడ్డాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఊరికి ఉత్తరాన, ముత్యాల్‌పేట పక్కన, సముద్రపు ఒడ్డున సోలై నగర్ ఉంది. జాలర్ల పేట. అక్కడ యూత్ హాస్టల్ కూడా ఉంది. తక్కువ డబ్బుతో వచ్చే కుర్రకారు రాత్రి అక్కడ తలదాచుకుని, తెల్లారగానే వారసత్వం చూడాలంటూ దక్షిణానికి, వైట్ టౌన్‌కు నడుస్తారు. వారసత్వం వాళ్లు పడుకున్న చోటే మొదలవుతుందని నేనంటాను.

పుదుచ్చేరికి సహజమైన రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. అలలు విరిగిపడే ఆ మధ్య మేర దాటడం యూరప్ పడవల వల్ల అయ్యే పని కాదు. మసూలా పడవలే దిక్కు. వాటి పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో ఒకదాన్నొకటి కలిపి కుడతారు. అల కొడితే పడవ కాస్త వంగుతుందే తప్ప పగలదు. తెడ్లు వేసింది ఈ తీరపు జాలర్లు. గవర్నర్లు, సైనికులు, సారాయి పీపాలు, బట్టల మూటలు అన్నీ వాళ్ల చేతుల మీదుగానే దిగాయి, ఎక్కాయి. 1866లో ఓడల సరుకు దించడానికి సముద్రంలోకి ఇనుప వంతెన వచ్చేదాకా వాళ్లు లేకపోతే ఈ వలస రాజధానికి పూట గడిచేది కాదు. ఆ వంతెన 1952 తుపానులో కూలిపోయింది. జాలరిపేటలు మాత్రం ఉన్నాయి.

వాటి గతి ఏమిటో కూడా చూడండి. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన హార్బరు కోసం రాతి గోడలు కట్టారు. దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిపోయే ఇసుక అక్కడే ఆగిపోయింది. బీచి కొట్టుకుపోయింది, కోత ఉత్తరాన ఉన్న పేటల మీదికి పాకింది. ప్రొమెనేడ్ ముందు ఇసుకను తిరిగి రప్పించడానికి సముద్రంలో ఉక్కు దిబ్బ దించారు. పేటల ముందు బండరాళ్లు పోశారు. పడవను ఇసుక మీదికి లాక్కునేవాడికి బండరాళ్లు ఏం పనికొస్తాయి? ఏది వారసత్వమని నమ్ముతామో దాన్ని బట్టే డబ్బు ఎటు పోవాలో తేలుతుంది. అందుకే ఈ "ఫ్రెంచి ఊరు" అన్న మాటను పర్యాటకుల ముచ్చటేలే అని వదిలేయలేను.

పోనీ ఫ్రెంచివాళ్లదని చెప్పుకునేదైనా పూర్తిగా వాళ్లదేనా? గీత గీసినట్టుండే ఆ తిన్నని వీధుల ప్లాను, 1693 నుంచి 1699 దాకా ఊరిని ఏలిన డచ్చివాళ్లది. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేశారు. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఊరు ఆ తర్వాత కట్టుకున్నది.

కాలువ దాటి పడమరకు రండి. రంగపిళ్లై వీధిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై ఇల్లుంది. కింది అంతస్తులో చెక్కిన కొయ్య స్తంభాలు, పై అంతస్తులో యూరప్ పద్ధతి గచ్చు స్తంభాలు. ఆయన 1736 నుంచి పాతికేళ్లు తమిళంలో దినచర్య రాశాడు. 1748లో వేదపురీశ్వరుడి గుడిని ఎలా పడగొట్టారో మనకు తెలిసింది అందులోంచే. కస్తూరి రంగకవి తెలుగులో రాసిన ఛందోగ్రంథానికి ఈయన పేరే పెట్టాడు: ఆనందరంగరాట్ఛందము. పద్యమంటే ప్రాణమిచ్చే మనవాళ్లు ఆ గుమ్మం ముందు నుంచే మార్కెట్‌కు పోతూ ఒక్కసారి తలెత్తి చూడరు. నాకు కష్టం కలిగించేది ఇదే.

"తమిళ ఇళ్లు ఎక్కడైనా ఉంటాయి, ఫ్రెంచి ఇళ్లు ఇక్కడే కదా" అంటారు. పిళ్లై గారి ఇంటిలాంటి ఇళ్లు ఇంకెక్కడున్నాయో చూపించమనండి. వైశ్యాళ్ వీధిలో అరుగు పక్కన అరుగు, వాటి మీద వీధి పొడవునా వాలిన చూరు, బాటసారికి నీడ. ఆ వీధిని బాగుచేసినందుకు 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. ఇలాంటి ఇళ్లు ఎన్నో కూలి అపార్ట్‌మెంట్లయ్యాయి. వైట్ టౌన్ భవనాలను కాపాడొద్దని నేననను. కాపాడవలసింది అవొక్కటే అన్న మాటే నాకు ఒప్పు కాదు.

ఇళ్లే కాదు, శ్రమ కూడా వారసత్వమే. ఇక్కడ నేసి, నీలిమందు అద్దిన గినీ గుడ్డ ఓడలెక్కి సెనెగల్ దాకా పోయింది. బట్టల మిల్లులు వచ్చాక, 1936 జూలై 30న సమ్మె చేస్తున్న కార్మికుల మీద ఫ్రెంచి ప్రభుత్వం కాల్పులు జరిపింది. పన్నెండు మంది పోయారు. మరుసటి ఏడే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. ఏ కెఫే గోడ మీదా ఈ తారీఖు కనిపించదు.

టూరిజం శాఖ వారసత్వ నడకను పొద్దున్నే పడవలు వచ్చే వేళకు సోలై నగర్ ఒడ్డున మొదలుపెట్టాలి. అక్కణ్ణుంచి నేతగాళ్ల ముత్యాల్‌పేట, వైశ్యాళ్ వీధి, రంగపిళ్లై వీధి, ఆ తర్వాత కార్మికులు నేలకొరిగిన మిల్లు. వైట్ టౌన్‌కు చివర్లో, ఎండ దిగాక వెళ్లొచ్చు.